పావు చెంచా ఉప్పు

నేను ఒక వంటల పుస్తకాన్ని. నూట అరవై పుటలు, నూట పది శాకాహార వంటలు. నన్ను రాసినావిడ ప్రతి వంటనూ తన ఇంట్లో మూడేసి సార్లు వండి, ఉప్పు చెంచాతో కొలిచి రాసుకుంది. రాజమండ్రిలో అచ్చయి, కాకినాడలో ఒక దుకాణానికి చేరాను.

అక్కడ నన్ను ఎంచుకున్నది లలితాంబ. ఆమె భర్త సోమయాజులు గారికి రక్తపోటు నూట డెబ్బై ఉందనీ, ఉప్పు తగ్గించకపోతే రెండో మాత్ర తప్పదనీ డాక్టరు చెప్పిన మర్నాడు వచ్చింది. ముందు రంగుల బొమ్మలున్న పుస్తకం తిరగేసింది.

"ఈ సరుకులు మా వీధి కొట్లో దొరకవు నాయనా. పేర్లకే నోరు తిరగడం లేదు. బీరకాయ, ఆనపకాయ ఉన్నది చూపించు."

"ఇది చూడండమ్మా. బొమ్మలుండవు, కొలతలుంటాయి," అని దుకాణదారు నన్ను అందించాడు. ఆమె నిలబడే పావుగంట చదివింది. అంత శ్రద్ధగా నన్ను ఇంకెవరూ చదవలేదు.

మొదటి రోజు నన్ను బియ్యం డబ్బా మీద తెరిచిపెట్టుకుని ఆనపకాయ కూర వండింది. పావు చెంచా అని ఉంటే పావు చెంచానే వేసింది. సోమయాజులు గారు నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు.

రెండో రోజు చెంచా పట్టుకుని ఆగింది. ఆ ఇంట్లో వండినది ముందు దేవుడికి నివేదన చేస్తారు. ఆ తర్వాతే కంచంలో పడుతుంది.

"జబ్బు ఈయనకి గానీ స్వామికా? ఆయనకి చప్పిడి కూర ఎలా పెడతాం?" అనుకుంటూ చెంచా పక్కన పడేసి, ఉప్పు చేత్తో వేసింది. దేవుడు ఎప్పటిలాగే ముట్టుకోలేదు. సోమయాజులు గారు మారు అడిగి వేయించుకున్నారు.

"పుస్తకం మంచిదేనే. నిన్న నాకే నోరు బాగాలేనట్టుంది."

ఆమె ఇంకో గరిటె కూర వడ్డించింది. ఆ తర్వాత మూడు నెలలు రోజూ నన్ను తెరిచింది. నూనె నా లెక్కే, పోపు నా లెక్కే. ఉప్పు మాత్రం స్వామి లెక్క.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నన్నూ సంచిలో వేసుకెళ్లింది. రక్తపోటు నూట డెబ్బై అయిదు ఉంది.

"ఉప్పు తగ్గించారా?"

"ఇదిగోనండీ, ఇందులో ఉన్నట్టే వండుతున్నాను," అని నన్ను తెరిచి చూపించింది.

డాక్టరు రెండు పుటలు చదివాడు. "కొలత తక్కువే ఉంది. తగ్గాలే మరి," అన్నాడు. ఆమె నన్ను మూసి మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఆయన రెండో మాత్ర రాశాడు.

బయటికొచ్చాక సోమయాజులు గారు, "నువ్వేం చేస్తావులే. అచ్చేసిందల్లా నమ్మితే ఇంతే," అన్నారు.

"అంతేనండీ," అంది లలితాంబ.

ఇప్పుడు పాత కాగితాల కొట్లో ఉన్నాను. సోమయాజులు గారే తెచ్చి ఇచ్చారు. "నమ్మి మోసపోయామయ్యా," అని కొట్టువాడితో చెప్పారు. ఆ మాటకు ఆయన మీద కోపం లేదు. ఆయన నన్ను ఒక్కసారీ తెరవలేదు. ఆమె చదివింది.