లాకు లోపలి వేలిముద్ర

చేతులకు నూలు తొడుగులు వేసుకుని, గొట్టంలోకి కడ్డీ దించి, లోపల మందు మిగల్లేదని తేల్చుకున్నాక గానీ ఆవిడ తుపాకీని కదిలించదు. వేలం కంపెనీ వెనక గదిలో పాత ఆయుధాల బాగోగులు చూసి చెప్పడం ఆవిడ పని. రోజంతా తుప్పుతోనే కాపురం కాబట్టి అందరూ ‘తుప్పక్క’ అంటారు. పిలిస్తే పలుకుతుంది కూడా.

ఆ ఉదయం బల్ల మీదున్నది గుర్రపు రౌతులు భుజాన తగిలించుకునే పొట్టి తుపాకీ. చెక్క మీద ఇత్తడి అతుకు కనబడగానే తుప్పక్క గుర్తుపట్టింది. చాలా ఏళ్ళ కిందట ఇక్కడే అమ్ముడుపోయిన తుపాకీ అది. అప్పుడు పక్క బల్ల దగ్గర ఆవిడ భర్త కూర్చునేవాడు. పని నేర్పిందీ ఆయనే. దీన్ని ఇద్దరూ కలిసే చూశారు. తీరా కొన్నవాడు గొట్టం మీద తుప్పుపట్టిన వేలిముద్రలు చూపించి రచ్చ చేశాడు. చెమట చెయ్యి తగిలితే ఇనుము అలాగే తుప్పు పడుతుంది మరి. ఆయన అందరి ముందూ పెళ్ళాం వైపు చూపించాడు.

“దీని చేతులంతే. తొడుగులు వేసుకోవే అంటే వినదు.”

ఆవిడ వేసుకునే ఉంది. ఎవరు నమ్ముతారు? అది మొదలు కూరలో ఉప్పు తగ్గినా “నీ చేతులంతే” అనేవాడు.

సరే, పని పనే. జీను రాపిడికి చెక్క ఒక పక్క నున్నగా అరిగింది. వేలాడదీసే ఉంగరం వదులైంది. పాత ముద్రలు ఎప్పుడో తుడిచేసినట్టున్నారు, గొట్టం నిక్షేపంలా ఉంది. రెండు మరలు విప్పి లాకును, అంటే నిప్పు రాజేసే యంత్రాన్ని, ఊడదీసి తిప్పింది.

లోపలి రేకు మీద బొటనవేలి ముద్ర, గోధుమరంగు తుప్పుతో. దానికి అడ్డంగా ఏటవాలు గాటు. పెళ్ళైన కొత్తలో ఆకురాయి జారి ఆయన బొటనవేలు సరిగ్గా అలాగే తెగింది. కట్టు కట్టింది ఈవిడే.

“దొరికారు దొంగగారు!” నవ్వు ఆగలేదు తుప్పక్కకి. “ఏమండీ, ఇటు రండి! మీ ఘనకార్యం చూసుకుందురుగాని!”

గది ఊడుస్తున్నామె చీపురు ఆపి చూసింది. పక్క బల్ల మీద ఖాళీ డబ్బాలున్నాయి. ఆయన పోయి రెండు వానాకాలాలైంది. భోంచేసి, కాస్త నడుం వాలుస్తానని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఇన్నేళ్ళ నింద కడుక్కుందామంటే చూడాల్సిన మనిషే లేడు. పోనీ తుడిచేద్దామా అంటే, ఆయన చెయ్యి అంటూ లోకంలో మిగిలింది ఈ ముద్ర ఒక్కటే.

యజమాని తొంగిచూశాడు. “అయిందా అక్కా?”

“లోపల చిన్న మరకుంది బాబూ.”

“లోపలేగా, ఎవరు చూడొచ్చారు? వదిలేద్దురూ.”

వదిలేయొచ్చు. కానీ వదిలేసిన తుప్పు ఊరుకోదు, ఇనుమును తింటూనే ఉంటుంది. తెలిసి తెలిసి అలా వదిలెయ్యడం ఆవిడకు చేతకాదు. గుడ్డకు నూనె అద్ది, తుడవబోయి ఆగింది.

“తప్పు నాదేనని ఒక్కసారి అంటే మీ సొమ్మేం పోయేదండీ?”

అడిగి, కాసేపు ఏడ్చింది. తర్వాత రుద్దింది, మెల్లగా, గాటు వెంబడే.

సాయంత్రం తుపాకీ పెట్టెలో పడుకుని వెళ్ళిపోయింది. తుప్పక్క గదికి తాళం వేసి ఇంటికి నడిచింది. బల్ల సొరుగులో, ఉతకాల్సిన మురికిగుడ్డల్లో కలపకుండా, గోధుమరంగు అంటిన నూనెగుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది.