పడేసేది పిల్లలు, పడేది పెద్దలు

పళ్ల డాక్టరమ్మకు నలభై ఏడేళ్లు. ఇరవై రెండేళ్లుగా జనం నోళ్లలోకి వంగి వంగి చూసి ఆమె నడుము పట్టేసింది. సాయంత్రమయ్యేసరికి స్టూలు మీంచి లేవాలంటే ముందు బల్ల పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఆఖరికి చెల్లెల్ని పట్టుకుని లేవాల్సి వచ్చేది. చెల్లెలు ఆ క్లినిక్‌లోనే ముందు గదిలో కూర్చుని పేర్లు పిలిచేది, ఫోన్లు ఎత్తేది, తీరిక దొరికితే అక్క జీవితాన్ని నడిపేది. ఒకరోజు అక్కకు మాట మాత్రమైనా చెప్పకుండా జూడో క్లాసులో ఆమె పేరు రాయించి వచ్చింది. అక్కడ ముందు పడడం నేర్పుతారట, పడడం వచ్చిన ఒళ్లు దానంతటదే వదులవుతుందట. ఈ వయసులో పడడం కూడా ఒకరు నేర్పాలా అని డాక్టరమ్మ గొణిగింది. కానీ చెల్లెలు అప్పటికే తెల్ల బట్టలు కొనేసింది, ప్యాంటు అంచు మడిచి కుట్టించేసింది కూడా.

క్లాసు జరిగేది టైర్ల కొట్టు పైనున్న పొడవాటి హాల్లో. కోచ్ పగలంతా గోదాములో ఫోర్కులిఫ్టు నడిపే మనిషి. ఎంత బరువైన సరుకునైనా కంగారు లేకుండా ఎత్తి దించడం అలవాటైన ఆవిడ, మనుషుల్నీ అలాగే ఎత్తి దించేది. పెద్దలకు వేరే క్లాసు పెడదామనుకుంటే తేలింది ముగ్గురే. డాక్టరమ్మ, ఒక బస్సు డ్రైవరు, ఒక లైబ్రేరియను. అందుకని ముగ్గుర్నీ పిల్లల్లో కలిపేసింది.

డాక్టరమ్మ తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే పందొమ్మిది మంది పిల్లలు ఒక్కసారిగా తిరిగి చూశారు. ఒకడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ పందొమ్మిదిలో పద్నాలుగు మంది ఆమె కుర్చీలో నోరు తెరిచినవాళ్లే, అందులో సగం మంది ఏడ్చినవాళ్లే. ఇంటికెళ్లిపోదామా అని ఆమె ఒక క్షణం వెనక్కి చూసింది. అప్పటికే కోచ్ ఎత్తు సరిచూసి ఆమెకు జతను నిర్ణయించేసింది. డాక్టరమ్మ పొట్టి మనిషి. జతగా వచ్చింది పదకొండేళ్ల పిల్ల. నడుముకు నారింజ రంగు బెల్టు, ఎడమవైపు కోరపన్ను పక్కన ఒక సందు. ఆ సందు మూడు వారాల కిందట డాక్టరమ్మ చేతి చలవే. క్లాసులో అందరూ ఆ పిల్లను తొర్రి అనేవారు, తనూ ఆ పిలుపుకే పలికేది.

తొర్రి ఆమె కాలరూ చెయ్యీ పట్టుకుంది. గడ్డం లోపలికి పెట్టుకోమంది. ఊపిరి బిగబట్టొద్దంది. డాక్టరమ్మ కళ్లు గట్టిగా మూసుకోవడం చూసి, గొంతు బాగా మెత్తగా చేసుకుని ఓదార్చింది.

"భయపడకండి డాక్టరాంటీ. నొప్పేం ఉండదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

అది డాక్టరమ్మ సొంత మాట. ఇరవై రెండేళ్లుగా ప్రతి పిల్లకీ పిల్లాడికీ సూది దించే ముందు చెప్పిన మాట. ఆమెకు అది గుర్తొచ్చేలోపే పైకప్పు గిర్రున తిరిగింది, వీపు కింద పరుపు ధడేల్మంది. నొప్పేం లేదు. అలా వెల్లకిలా పడుకునే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆపుదామనుకునేకొద్దీ పొట్టలోంచి తన్నుకొచ్చింది. డ్రైవరుకు అంటుకుంది, లైబ్రేరియనుకు అంటుకుంది, నోరు మూసుకున్న పిల్లాడు చేతులు తీసేసి మరీ నవ్వాడు. క్లాసు అయ్యేసరికి డాక్టరమ్మను పడెయ్యడానికి తొమ్మిది మంది పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఆమె కంచం ముందు నుంచి ఎవర్నీ పట్టుకోకుండా లేచింది. చెల్లెలు చూసీ చూడనట్టు ఊరుకుంది గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది.

రెండు నెలలు అలా ఆడుతూ పాడుతూ గడిచిపోయాయి. ఒకరోజు డ్రైవరు వెనక్కి అడుగులేస్తూ, వెనకాల ఉన్న ఏడేళ్ల పిల్లాడి మీద కూలబడబోయాడు. పిల్లాడు ఉడుతలా పక్కకు దొర్లిపోయాడు కాబట్టి సరిపోయింది. కానీ గోడవార బెంచీ మీద కూర్చున్న వాడి నాన్న కళ్లారా చూశాడు. ఆయన బీమా కంపెనీ సర్వేయరు. గుద్దుకున్న కార్ల సొట్టలు కొలవడమే ఆయన పని. మర్నాడు కోచ్‌కి రెండు పేజీల ఉత్తరం ఇచ్చాడు. ఎంత బరువు మనిషి ఎంత బరువు పిల్లాడి మీద ఏ వైపు నుంచి పడితే ఏమవుతుందో బొమ్మ గీసి మరీ చూపించాడు. పెద్దల్నీ పిల్లల్నీ ఒకే పరుపు మీద వదలడం పొరపాటన్నాడు. కోచ్ రెండుసార్లు చదివింది. ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదంది. మరుసటి వారం నుంచి క్లాసు రెండుగా చీలింది.

పెద్దల క్లాసు చప్పగా చచ్చింది. నన్ను పడెయ్యండి అని డ్రైవరు అంటే, అబ్బే ముందు మీరే కానివ్వండి అని లైబ్రేరియను అనేది. ఒకరి కాలరు పట్టుకునే ముందు ఒకరు మన్నించమనేవారు, పడేశాక మళ్లీ మన్నించమనేవారు. తర్వాత కూర్చుని మోకాళ్ల గురించి మాట్లాడుకునేవారు. మొత్తం గంటలో ముగ్గురూ కలిపి నాలుగుసార్లు పడితే గొప్ప.

అలాంటి రోజుల్లో తొర్రి క్లినిక్‌కి వచ్చింది. నోట్లో దూది కుక్కుకుని కూర్చున్నా ఊరుకోలేదు. చేతులు ఊపుతూ ఏదో గట్టిగా వాదిస్తోంది, వినిపించేదల్లా ఆ, ఊ, అంతే. డాక్టరమ్మ దూది తీసి మళ్లీ చెప్పమంది.

"ఇంట్లో అందరూ నాకు నేర్పేవాళ్లే. బళ్లోనూ అంతే. నేను నేర్పింది మీకొక్కరికే. మీరు వెళ్లిపోతే నేనెవరికి నేర్పాలి?"

ఆ సాయంత్రమే డాక్టరమ్మ చెల్లెలితో సర్వేయరుకు ఫోన్ చేయించి, తనే మాట్లాడింది. మీ లెక్క తప్పని నేననను, కానీ లెక్క బెంచీ మీంచి కాకుండా పరుపు మీద నిలబడి వేస్తే బాగుంటుందేమో అంది. కోచ్ ఒప్పుకుంటే శనివారం వస్తానన్నాడాయన.

శనివారం అందరూ వచ్చారు. సర్వేయరు చంకలో బరువు తూచే మిషనుతో వచ్చాడు. ఒక్కొక్కర్నీ ఎక్కించి అంకె పైకి చదివాడు. డాక్టరమ్మ అంకె విని చెల్లెలు దగ్గు నటించింది. డ్రైవరు ఎక్కగానే ముల్లు బెదిరిపోయినట్టు కొసదాకా పరిగెత్తింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. సర్వేయరు మాత్రం నవ్వకుండా అన్నీ రాసుకుని, కోచ్‌తో తలా తలా ఆనించి కూర్చుని, చివరికి ఒక ఏర్పాటు తేల్చాడు. పిల్లలు పెద్దల్ని పడెయ్యొచ్చు. పెద్దలు పిల్లల్ని పడెయ్యకూడదు. పసివాళ్లు ఉండే మూలకు అడ్డంగా తాడు కడతారు, పెద్దల అడుగు అటు పడకూడదు. ఇక మిగిలింది ఒక్కటే, పెద్దమనిషి పడుతుంటే పడేసే పిల్లకు ఏమైనా దెబ్బ తగులుతుందా అన్నది. అది చూడకుండా, తనకు అభ్యంతరం లేదని ఆయన కాగితం మీద సంతకం పెట్టడు. చూడాలంటే ఎవరో ఒకరు పడాలి.

"మీరే పడండి," అంది కోచ్, చాలా మామూలుగా.

సర్వేయరు కళ్లజోడు తీసి బెంచీ మీద పెట్టాడు. బూట్లు విప్పాడు. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. ఎదురుగా నిలబడింది ఆయన కొడుకే. క్లాసులో అందరికన్నా చిన్నవాడు, అంతవరకూ ఎవర్నీ పడేసి ఎరగనివాడు. తొర్రి వాడి వెనక చేరి కాలు ఎక్కడ పెట్టాలో చెవిలో ఊదింది. వాడు నాలుక బయటపెట్టి, తండ్రి చొక్కా రెండు గుప్పిళ్ల నిండా పట్టుకుని, తిరిగాడు.

ఆయన పడ్డాడు. కావాలనే పడ్డాడని డ్రైవరు అన్నాడు. కాదు, నిజంగానే కాలు జారిందని లైబ్రేరియను అంది. పిల్లాడు మాత్రం నేల మీదున్న తండ్రిని, తన రెండు చేతుల్ని మార్చి మార్చి చూసుకుంటున్నాడు. ఆయన వెంటనే లేవలేదు. పైకప్పు వైపు చూస్తూ కాసేపు రెప్పలాడించాడు. తర్వాత కొడుకు వైపు తల తిప్పి, దెబ్బ తగిలిందా నాన్నా అని అడిగాడు. వాడు లేదన్నాడు. ఇంకోసారి పడేస్తానన్నాడు.

ఇంకోసారి ఏమిటి, ఆయన ఆ పూట పద్నాలుగుసార్లు పడ్డాడు. నాలుగోసారికి నవ్వడం మొదలుపెట్టాడు, పదోసారికి పిల్లల వరస పెద్దదైంది, పన్నెండోసారి చొక్కా చంకలో చిరిగింది. పక్కన తొర్రి డాక్టరమ్మను ఎడాపెడా పడేస్తోంది. ఒకసారి ఇద్దరు పెద్దలూ ఒకేసారి పడి, పక్కపక్కన వెల్లకిలా ఆయాసపడుతూ దొరికిపోయారు. సంతకం చేసే కాగితం ఎక్కడ పెట్టానో అని సర్వేయరు అడిగాడు. లేచాక వెతుకుదాం అంది డాక్టరమ్మ. కానీ పిల్లలు ఇద్దర్నీ లేవనిస్తే కదా.

క్లాసు మళ్లీ ఒకటైంది. మరుసటి శనివారం సర్వేయరు తెల్ల బట్టల్లో దిగాడు. వెంట అరవై రెండేళ్ల అత్తగారు. అల్లుడు ఇంట్లో ఒకటే మురిసిపోతుంటే అసలు సంగతేమిటో చూద్దామని వచ్చిందట ఆవిడ. గుమ్మంలో నిలబడి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగింది. అంతే, పందొమ్మిది మంది పిల్లలూ ఒకరినొకరు తోసుకుంటూ ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడకు పడడం నేను నేర్పుతానంటే నేను నేర్పుతానని పోట్లాట మొదలైంది. కోచ్ ఈల వేసినా ఒక్కరూ వినలేదు.