తిట్లకే అయిపోయిన ఛార్జింగు

టైలరు పొద్దస్తమానం ఎవరో ఆడమనిషితో మాట్లాడుతున్నాడనీ, మధ్యాహ్నానికే అతని ఫోనులో ఛార్జింగు అయిపోతోందనీ గుండీల కొట్టావిడ చెప్పిందట. పక్కింటి పిన్ని ఆ మాట తెచ్చి టైలరు పెళ్ళాం చెవిన వేసింది.

బట్ట కోసే తన మంచి కత్తెరతో మొగుడు అట్టముక్క కోసి మొద్దుబార్చాడని ఆ ఇల్లాలు పది రోజులుగా టైలరు కొట్టుకు వెళ్ళడం లేదు, అతనితో మాటా లేదు. ఇప్పుడు పరుగున వెళ్ళింది.

నిజంగానే లోపల ఆడగొంతు వినిపిస్తోంది. మిషను పక్కన పెట్టిన ఫోనులో మోగుతున్నవి ఆవిడ పాత వాయిస్ మెసేజులే. "ఏమయ్యా, మళ్ళీ చొక్కాకి కాజాలు కుట్టడం మర్చిపోయావు, బుర్రెక్కడ పెట్టావు?"

"రోజంతా ఇవి వింటే ఛార్జింగు ఎలా నిలుస్తుందయ్యా?" అంది, అలక మరిచి.

అతను మిషను ఆపలేదు. "నువ్వే వచ్చి తిట్టవే, అదే నిలుస్తుంది."