ఆ సినిమాలో ‘నేను’ ఎవరు?

లీలాకుమారి గొంతు తెలియని తెలుగిల్లు లేదు. మొహం తెలిసినవాళ్లు మాత్రం శ్రీనగర్ కాలనీ దాటి లేరు. డబ్బింగు చెప్పేవాళ్ల బతుకంతే మరి. బొంబాయి పిల్లలు తెర మీద పెదాలాడిస్తారు, ఏడుపూ నవ్వూ ఈవిడవి.

అలాంటి లీలాకుమారికి చలపతిరావు ఫోను చేశాడు. ఇప్పుడు పెద్ద డైరెక్టరు, ఒకప్పుడు ఆవిడ మొగుడు. మద్రాసులో పసిపిల్లతో సహా ఆవిణ్ణి వదిలేసి, ఇక్కడికొచ్చి జూబ్లీహిల్స్‌లో మేడ కట్టుకున్నవాడు. ఆ వదిలేసిన సంగతే ఇప్పుడు సినిమా తీశాడు. అందులో మొగుడు దేవుడు, పెళ్లాం గయ్యాళి.

“ఆ గయ్యాళికి నీ గొంతైతేనే అతుకుతుంది లీలా,” అన్నాడు నవ్వుతూ.

“వస్తానండీ,” అంది.

పక్కింటి శ్యామలాదేవి బుగ్గలు నొక్కుకుంది. “నీకు చీమూ నెత్తురూ లేవుటే? ఊరంతా అది నీ కథేనని చెప్పుకుంటోంది. రేపు నీ కూతురు ఆ సినిమా చూస్తే ఏమనుకుంటుంది?”

“అందుకే వెళ్తున్నా వదినా. ముందు నేను చూడాలిగా.”

ఫిల్మ్‌నగర్ డబ్బింగు థియేటర్లో కూర్చుని చూసింది. కథంతా మొగుడే చెప్పుకుంటూ పోతాడు. హీరో వచ్చి చెప్పేదాకా గుర్తుకని చలపతిరావు తన గొంతుతోనే చెప్పి ఉంచాడు. “పాప జ్వరంతో ఏడుస్తుంటే నేను భరించలేకపోయాను, స్టూడియోలో పడుకున్నాను. ఆ వర్షంలో నేను ఇల్లు వదిలి వచ్చేశాను. నా గుండె ముక్కలైంది. వెనక్కి చూడలేదు, చూస్తే అక్కడే చచ్చిపోయేవాణ్ణి.”

వింటూ వింటూ లీలాకుమారికి కళ్లు చెమర్చాయి. ఆ కన్నీళ్లు ఎవరికోసమో తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది. జ్వరప్పిల్లను భుజానేసుకుని ఆ వర్షంలో డాక్టరు దగ్గరికి పరిగెత్తింది తను. ఆ తనకే ఆయన మీద జాలి పుట్టించాడు! తనకే ఇలా ఉంటే కూతురికి ఎలా ఉంటుంది? ఈ మాయంతా ఎక్కడుందా అని మళ్లీ విన్నది. ‘నేను’లో ఉంది.

ఇంతలో హీరో తన డైలాగులు ముగించి, కథ చెప్పే మాటలు వదిలేసి ఊటీ షూటింగుకు చెక్కేశాడు. విడుదల ముంచుకొస్తోంది.

“నా గొంతుతోనే వదిలేద్దామయ్యా,” అన్నాడు చలపతిరావు.

బోరబండ నుంచి వచ్చే రికార్డిస్టు భిక్షం చేతులు జోడించాడు. “వద్దు సార్. గా బక్క గొంతు ఇంటే జనం కుర్చీలు ఇరగ్గొడ్తరు.”

లీలాకుమారి ఎంతో నెమ్మదిగా అంది. “కథంతా పెళ్లాం పాత్రే చెబితే సరిపోదాండీ? గయ్యాళే మొగుణ్ణి తలుచుకుంటుంటే ఆడవాళ్లు కరిగిపోతారు. మాటలన్నీ మీవే. ‘నేను’ ఉన్నచోట ‘ఆయన’ అంటాను, అంతే.”

చలపతిరావు మీసం దువ్వుకున్నాడు. “నీకిన్నాళ్లకు బుద్ధొచ్చిందే!”

మైకు ముందు నిలబడింది. “పాప జ్వరంతో ఏడుస్తుంటే ఆయన స్టూడియోలో పడుకున్నారు. ఆ వర్షంలో ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయారు. వెనక్కి చూడలేదు.”

“గుండె ముక్కలైంది ఏదీ?” అని అరిచాడు.

“ఆయన గుండె సంగతి ఆవిడకెలా తెలుస్తుందండీ? ఆవిడ చూసింది వీపే కదా.”

“సహీ చెప్పింది సార్,” అన్నాడు భిక్షం. “అసలు సీన్ల గూడ వీపే ఉన్నది.”

అలా గుండెలూ కన్నీళ్లూ ఒక్కొక్కటే రాలిపోయి, చేసిన పనులు మాత్రమే మిగిలాయి. ఆవిడ ఎక్కడా కసిరినట్టు చెప్పలేదు. పూజగదిలో మాట్లాడినంత మెత్తగా, ప్రతిదానికీ ‘రు’ చేర్చి చెప్పింది.

ప్రివ్యూకు బెజవాడ డిస్ట్రిబ్యూటరు సుబ్బరామయ్య ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాడు. లీలాకుమారి కూతుర్ని వెంటబెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. సగం సినిమా అయ్యేసరికి సుబ్బరామయ్య భార్య ముక్కు చీదుతూ లేచింది.

“ఇంత చేసినా ‘వెళ్లిపోయారు’ అంటోంది చూడండీ, పిచ్చితల్లి! ఈ వెధవకి ‘రు’ ఎందుకే? ‘డు’ చాలదూ!”

హాల్లో ఆడవాళ్లంతా అందుకున్నారు. “వీడి జిమ్మడ!” అంది ఒకావిడ. కూతురు చీకట్లో లీలాకుమారి చెయ్యి పట్టుకుని మళ్లీ వదల్లేదు.

బయటికొచ్చాక చలపతిరావు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. “మార్చేస్తాను. హీరో వచ్చాక మళ్లీ నేను, నేను అని...”

“ఏంటి మార్చేది?” సుబ్బరామయ్య గుడ్లురిమాడు. “ఈ మాటల మీదే ఆడాళ్లు వ్యాన్లేసుకుని వస్తారండీ. ఒక్క ముక్క ముట్టుకుంటే నేను కొనను.”

ఆయన కారెక్కి వెళ్లాక చలపతిరావు మెట్ల మీద కూలబడ్డాడు. “రేపు ఊరూరా నన్ను తిట్టుకుంటారు లీలా. ఒక్క వాక్యం కలుపు. ఆయనా ఏడ్చారు అను.”

“ఏడ్చారా?”

ఆయన తలెత్తాడు. ఆ చూపు నిజంగానే దీనంగా ఉంది. “నువ్వు వినలేదు గానీ, ఆ రోజు నేను...”

లీలాకుమారి గబుక్కున చెయ్యెత్తి ఆపింది. ఇంకో మాట వింటే జాలిపడుతుందని ఆవిడకు తెలుసు.

“వద్దండీ,” అంది. “నేను చెప్పడం అయిపోయింది.”

కూతురి భుజం మీద చెయ్యేసి శ్రీనగర్ కాలనీ వైపు వెళ్తున్న ఆటోను కేకేసింది. వెనక్కి చూడలేదు.