ఎడమవైపు స్టూలు

మా ఆయన కుట్టిన చొక్కాకి వంక పెట్టినవాడు అంతవరకూ లేడు. వంకలన్నీ నేనే పెట్టేదాన్ని, అది వేరే సంగతి. అలాంటిది ఆ రోజు లెక్కల మాస్టారు కొత్త చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి ఎక్కడ దూర్చాలో తెలియక అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతున్నారు.

"ఏం మాస్టారూ, భుజం దగ్గర పట్టేసిందా?" అన్నారు మా ఆయన.

"భుజం సరేనయ్యా, రెండో చెయ్యేదీ?"

చొక్కాకి కుట్టాల్సిన ఆ రెండో చెయ్యి మిషను బల్ల మీదే, మా ఆయన ఎడమ మోచేతికి ఆనుకుని మడతగా పడి ఉంది. నేను తీసి కుడిచేతిలో పెట్టాను. ఆయన మొహం పాలిపోయింది. "దీన్ని ఎవరు దాచారు?" అని నా మీద విరుచుకుపడ్డారు. మాస్టారు మంచి మనిషి. మళ్ళీ వస్తానని చొక్కా అక్కడే వదిలేసి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

అప్పటికి మా ఆయనకి పక్షవాతం వచ్చి ఆరు వారాలు. చచ్చుబడిన ఎడమ చెయ్యీ కాలూ మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. గండం గడిచిందనుకున్నాం. కుంటుకుంటూ కొట్టుకొచ్చి మిషను ముందు కూర్చుంటే నేను చాటుగా కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఆ తర్వాతే ఒక్కొక్కటీ బయటపడింది. సగం గడ్డం గీసుకుని, నున్నగా వచ్చిందని ఒక్క చెంపే నిమురుకునేవారు. కంచంలో కుడిపక్క తినేసి, ఇంతేనా వడ్డించేది అని కోప్పడేవారు. కంచం అటుది ఇటు తిప్పితే చాలు, మారు వడ్డించానని సంబరపడేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పాపిష్టిదాన్ని.

"కళ్ళకేం లోపం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "కళ్ళు చూస్తూనే ఉన్నాయి. మెదడే పట్టించుకోవడం లేదు. కుడివైపు మెదడు దెబ్బతింది కదా, ఎడమవైపంటూ ఒకటుందన్న సంగతే ఆయనకి తెలియడం లేదు. తెలియనిదాన్ని వెతుక్కోరు కూడా."

"ముప్పయ్యేళ్ళ కాపురంలో నన్ను పట్టించుకున్నదెప్పుడు లెండి," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆయన్ని కళ్ళు మూసుకోమంది. "మీ కొట్టు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నాననుకోండి. ఏమేం ఉన్నాయి?"

"ఇస్త్రీ బల్ల. నిలువుటద్దం. హేంగర్లు. గోడకి క్యాలెండరు."

అన్నీ కుడిపక్కవే. ఎడమపక్క ఉన్నది నా స్టూలు. వీధి వెలుతురు భుజం మీదుగా గుడ్డ మీద పడాలని ఆయన వీధికి వీపు పెట్టి కుడతారు. ఆయన ఎడమపక్కన ఆ స్టూలు మీద కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా నేను కాజాలు కుట్టాను, గుండీలు పెట్టాను, ఆయనతో పోట్లాడాను. అది ఆయన నోట రాలేదు.

"ఇప్పుడు కొట్టు చివరికి వెళ్ళి, వీధివైపు తిరిగాననుకోండి."

ఆయన మొహం విప్పారింది. "మా ఆవిడ. స్టూలు మీద కూర్చుని ఉంది. నోట్లో సూది పెట్టుకుంది. వద్దంటే వినదు."

ఈసారి అద్దం లేదు, ఇస్త్రీ బల్ల లేదు. అటు తిరిగాక అవి ఎడమకి పోయాయి, నేను కుడికొచ్చాను. ఎదురుగా కనపడకపోతే పోనీ, ఆయన తలపులో ఉండాలన్నా ఆయన అటు తిరిగితేనే నేనున్నాను.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "మీరు ఎడమవైపే కూర్చోండి. అటునుంచే పిలవండి, అటునుంచే అందించండి. సులువుగా ఉందని కుడికి మారిపోయారా, ఇక ఆయన అటు తిరగరు. వచ్చే మార్పు చాలావరకు ఈ మొదటి ఆరు నెలల్లోనే రావాలి."

నేను మొండిదాన్ని. స్టూలు కదపలేదు. కొట్టు తీసింది మొదలు "ఏమండీ, ఇటు" అని పిలవడమే నా పని. పిలిస్తే ఆయన కుడికి తిరిగేవారు. అద్దంకేసి, ఇస్త్రీ బల్లకేసి చూసి, "ఎక్కడినుంచే పిలుస్తున్నావు?" అనేవారు. ఎడమ భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడేవారు. గడ్డం పట్టుకుని నావైపు తిప్పితే నన్ను చూసి నవ్వేవారు. వదలగానే ఆ మొహం మెల్లగా కుడికి మళ్ళిపోయేది, నవ్వు ఆరిపోయేది. ఆ కాస్త నవ్వు కోసం రోజుకి ఎన్నిసార్లు తిప్పానో నాకే తెలియదు. చేతులు నొప్పెట్టేవి.

ఆరో నెలలో మా అమ్మాయి వచ్చింది. రెండు రోజులు చూసి, మూడోరోజు వంటింట్లో నన్ను నిలదీసింది.

"అమ్మా, నాన్న నాతో ఏమన్నారో తెలుసా? 'మీ అమ్మ గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. మూలపడ్డ మొగుడి పక్కన ఎవరు మాత్రం ఎన్నాళ్ళు కూర్చుంటారులే' అన్నారు. ఇంకెందుకమ్మా ఈ పంతం? కుడిపక్కకి రావచ్చు కదా?"

ఆరు నెలలు నిండడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ ఓపిక పట్టలేకపోయాను.

మర్నాడు పొద్దున స్టూలు ఎత్తుకుని, ఆయన వెనకనుంచి వెళ్ళి ఇస్త్రీ బల్ల పక్కన వేసుకుని కూర్చున్నాను. మిషను ఆగిపోయింది.

"వచ్చావా?" అన్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే, కాజాల రాణీ?"

నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. "ఇక్కడే ఉన్నానండీ" అన్నాను. నమ్మలేదు.

ఆ తర్వాత ఆయన ఎడమకి తిరిగింది లేదు. ఆ పన్నెండు రోజుల్లో ఏం జరిగేదో డాక్టరమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. చెబుతుందేమోనని భయం. ఇప్పుడు ఎవరూ గుడ్డ తీసుకురారు. పాత ముక్కలు ఇస్తే ఆయన వాటిమీదే కుట్లు వేసుకుంటారు. బాగుందంటాను.

ఆయన ముందు ఏడిస్తే బెంగ పెట్టుకుంటారు. అందుకని ఏడుపు ఆగనప్పుడు లేచి, ఆయన వెనకనుంచి అవతలికి వెళ్ళి, నా పాత చోట నేలమీద కూలబడతాను. చెయ్యి చాపితే ఆయన మోచెయ్యి తగులుతుంది. చాపను. ఆయన మిషను ఆపి, కుడికి తిరిగి ఖాళీ స్టూలు చూస్తారు.

"మళ్ళీ వెళ్ళిపోయింది," అంటారు.