చివరి గాడిలో చప్పుడు

ఆదివారం మధ్యాహ్నం భోజనం అయిందంటే తమ్ముడు చేతులు రెండుసార్లు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, వెనక గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టేసుకునేవాడు. ఇక రెండు గంటలదాకా ఎవరికీ దొరకడు. వారమంతా పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే మనిషి. వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీసే ఆ చేతులకి ఆదివారం ఒక్కటే పని, రికార్డుని అంచుల దగ్గర పట్టుకోవడం.

గడియ ఎందుకంటే, ఎవరైనా గబుక్కున లోపలికొస్తే చెక్క నేల అదురుతుంది, సూది ఎగురుతుంది, గాడి మీద గీత పడుతుంది. ఇంట్లో ఉండేది తనూ అక్కా ఇద్దరే, అక్క పిల్లిలా నడుస్తుంది. అయినా గడియ పడాల్సిందే. లోపల పాట మాత్రం వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా పెట్టేవాడు.

అతను పోగేసేవి పాత రాక్ పాటల రికార్డులు, అవీ జపాన్‌లో అచ్చయినవి మాత్రమే. అట్ట చుట్టూ ఓబీ అనే కాగితపు పట్టీ ఒకటి ఉంటుంది. అది చిరగకుండా ఉండాలి. పట్టీ లేనిదాన్ని "బోడి రికార్డు" అని పక్కకి తోసేసేవాడు.

"చదవడం రాని కాగితం ముక్క కోసం ఇంత ఆరాటమేమిట్రా?" అనేది అక్క.

"నీకు తెలీదులే అక్కా."

మిగతా దేశాల రికార్డులు చిటపటలాడుతుంటాయి. జపాన్‌వి ఎంత నిశ్శబ్దంగా ఉంటాయంటే, ప్రతి రికార్డూ తన ఆయుష్షులో ఒక్కసారి, తను మోగుతున్న ఇంటి చప్పుడు పట్టి దాచేసుకుంటుంది. రెండో వైపు పాటలన్నీ అయ్యాక సూది ఊరికే తిరిగే ఖాళీ గాడిలో ఆ చప్పుడు వినిపిస్తుంది. పోగేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మెట్ల కింద దుకాణం నడిపే రికార్డులాయన ప్రతి అట్టకీ చీటీ అంటించేవాడు. "ముసలాయన దగ్గు." "రేకుల మీద వాన." "కుట్టుమిషను, ఎవరిదో ఏడుపు." ఏడుపున్నవి ఒక పట్టాన అమ్ముడుపోయేవి కావు.

చివరి గాడి రాగానే తమ్ముడు గడియ తీసి అక్కని పిలిచేవాడు. అక్క ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. హలో అన్న మాటని బట్టి ఆ మనిషి నిలబడ్డాడో పడుకున్నాడో చెప్పగలదు. ఆ గాడి విని, "రెండో అంతస్తు, పరదాలు లేవు, ఆవిడకి ఆయనంటే పడదు" అని తేల్చేసేది. వారం మొత్తానికి వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకునే సమయం అదే.

పదకొండేళ్ళుగా వెతుకుతున్న రికార్డు ఒకటి ఒక ఏడాది ఆ దుకాణంలోనే దొరికింది. ఓబీ మీద ముడత కూడా లేదు. చీటీ మాత్రం లేదు.

"చప్పుడు ఏదీ రాయలేదేం?" అనడిగాడు.

"విన్నాను. ఏదో తలుపు. మీరే రాసుకోండి" అన్నాడు రికార్డులాయన, అతని మొహంకేసి చూడకుండా.

ఆ ఆదివారం పాటలు అయిపోయాయి. అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. గాడిలో ముందు ఫ్యాను తిరిగింది. నాలుగు చుట్లకోసారి టక్కుమంటోంది. తమ్ముడు తల పైకెత్తి చూశాడు. వాళ్ళ ఫ్యానూ అలాగే టక్కుమంటోంది. తర్వాత ధబ్బున ఏదో బరువైనది పడింది. కాసేపటికి తలుపు మీద బోలుగా తట్టిన చప్పుడు. మూడుసార్లు. ఆగి, రెండుసార్లు. చాలాసేపటి తర్వాత ఒక్కసారి. ఆ తర్వాత ఫ్యాను ఒక్కటే.

"అది మన ఇల్లే" అన్నాడు తమ్ముడు.

"ఊఁ" అంది అక్క. ఆ రోజు ఇంకేమీ తేల్చలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు దుకాణం తీసేసరికే తమ్ముడు మెట్ల దగ్గర ఉన్నాడు.

"మా ఇంట్లో ఇలాంటిది జరగలేదండీ."

"ఒక్కోసారి జరగబోయేది కూడా పడుతుంది. గుండ్రంగా తిరిగేదానికి ముందేదో వెనకేదో ఏం తెలుసు చెప్పండి?" అన్నాడు రికార్డులాయన. "పట్టీ బాగానే ఉంది కదా?"

తమ్ముడికి విషయం అర్థమైపోయింది. తను లోపల పడిపోతాడు, గడియ పెట్టి ఉంటుంది, అక్క బయట తట్టి తట్టి ఊరుకుంటుంది.  డాక్టర్ల చుట్టూ తిరిగాడు. గుండె బాగానే ఉందని ముగ్గురు చెప్పినా నమ్మలేదు. తన తర్వాత ఏ రికార్డు ఎవరికి చెందాలో రాయడం మొదలుపెట్టి, ఎవరికీ ఇవ్వబుద్ధికాక కొట్టేశాడు. రాత్రి అన్నం సహించేది కాదు. అక్క ఓపిగ్గా మజ్జిగ కలిపి ఇచ్చేది, జబ్బుమనిషికి ఇచ్చినట్టు.

నాలుగో ఆదివారం అతనికి బుర్ర వెలిగింది. గడియే లేకపోతే సరి! స్క్రూడ్రైవర్ తెచ్చి పని మొదలుపెట్టాడు. ఒక స్క్రూ జారి కింద పడింది. దానికోసం వంగినప్పుడు మోచెయ్యి తలుపు అడుగు చెక్కకి తగిలింది. చెదలు తిన్నచోట కొత్తగా వేసిన పలచటి చెక్క అది. బోలుగా మోగింది.

అతను వేళ్ళు మడిచి మళ్ళీ తట్టాడు. మూడుసార్లు. ఆగి, రెండుసార్లు. అదే చప్పుడు. నేలకి జానెడెత్తులో. నిలబడ్డ మనిషి ఎవరూ అక్కడ తట్టరు.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి చూస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజే తెలిసింది. ముప్పై ఏళ్ళు విన్న చెవులురా ఇవి."

"మరి చెప్పవేం?"

"చెబితే వినడం మానేస్తావు. నీకున్న సరదా అదొక్కటే."

నెలరోజులు తమ్ముడు ఆవిడ చేత్తో మజ్జిగ తాగుతూ తన చావు గురించి ఆవిడకే చెప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తను లోపల పాటలో మునిగి ఉంటే, ఈవిడ నేలమీద పడి తట్టిందన్నమాట. తడుతుందన్నమాట.

"ఆ రికార్డుని విరగ్గొట్టేస్తాను."

"విరగ్గొడితే నేను పడకుండా ఉంటానా? నువ్వు పళ్ళు అరగదీసుకుంటున్న రోజున పడతాను. అది మోగుతున్న రోజైతే, కనీసం నువ్వు ఇంట్లో ఉంటావు" అంది అక్క.

ఆ సాయంత్రం అతను తలుపే ఊడదీసి గోడకి ఆనించాడు. అక్కని కూడా డాక్టరుకి చూపించాడు. ఆయన బీపీకి మాత్రలు రాశాడు, ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేనన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ ఒక్క రికార్డే. అదీ గుసగుసంత చిన్నగా. పాట వినడం మానేసి ఇల్లు వినడం నేర్చుకున్నాడు. నీళ్ళ చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, పేపరు తిప్పిన చప్పుడు. చివరి గాడిలో ధబ్బుమనగానే ఒక్క ఉదుటున పరిగెత్తేవాడు. అక్క కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇంకా లేదురా, పో" అనేది. వెనక్కి వచ్చేసరికి గదిలో ఆ తట్టడం సాగుతూ ఉండేది. లేని తలుపు మీద, కిందనుంచి.  అయినా అది ఆగేదాకా ఎదురుచూసి అప్పుడు సూది ఎత్తేవాడు. మధ్యలో తీసేస్తే ఆవిణ్ణి వదిలేసినట్టు అనిపించేది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక ఆదివారం పాటలు అయిపోయి సూది ఖాళీ గాడిలోకి జారింది. ఏమీ లేదు. ఫ్యాను లేదు, పడిన చప్పుడు లేదు, తట్టడం లేదు. అప్పుడే అచ్చు వేసినంత శుభ్రంగా ఉంది గాడి. ఏ మచ్చా లేని రికార్డు, చెక్కుచెదరని పట్టీ! ఒక్క క్షణం అతని పాత ఆశ పొంగింది. మరుక్షణం లేచి పరిగెత్తాడు. రికార్డులో లేనిది ఇంక ఎక్కడుంటుంది?

అతను వసారా సగం దాటాక ధబ్బుమంది.

అక్క తలుపులేని గుమ్మంకేసి పడి ఉంది. మూతి ఓ పక్కకి లాగేసింది. కుడిచెయ్యి తట్టడానికి పైకి లేస్తోంది. అది గాల్లో ఉండగానే పట్టుకున్నాడు. తల ఒళ్ళోకి తీసుకుని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. బండి బయల్దేరిందన్నారు.

గదిలో సూది చుట్టూ చుట్టూ తిరుగుతూనే ఉంది. అక్క చాలా కష్టపడి మాట కూడదీసుకుంది.

"సూది... తియ్యి. అరిగిపోతుంది."

"అరగనీ" అన్నాడు తమ్ముడు, ఆ చెయ్యి వదలకుండా.