వాన తర్వాతి కొలత

నేను ఒక ఇనుప కడ్డీని. నేలను అనుమానించడం నా పని. గుర్రాలు పరిగెత్తే గడ్డి పైకి ఎంత పచ్చగా కనిపించినా నమ్మను, లోపలికి దిగి చూస్తాను. ఎంత లోతుకు దిగితే నేల అంత మెత్తన. ఒక లేతు షాపులో పుట్టి, ఒంటి మీద అంకెలు చెక్కించుకుని, ఇద్దరి చేతులు మారి, ఈ రేసుకోర్సులో ట్రాకు పని చేసే పోశెట్టికి చేరాను. పద్దెనిమిదేళ్ళుగా అతని అరచేతి చెమట నాకు తెలుసు.

ఆ శనివారం పొద్దున నేల గట్టిగానే ఉంది. బోర్డు మీద అలాగే రాశారు. పదకొండింటికి వాన దంచికొట్టింది. పోశెట్టి మళ్ళీ గుచ్చితే సగం దాకా దిగిపోయాను. అతను పరుగున వెళ్ళి నన్ను ఆఫీసరుకు చూపించాడు. ఆఫీసరు నన్ను చూశాడు, తర్వాత గడియారం చూశాడు.

"ఆరుతదేమో, చూద్దాం తియ్."

ఆ రెండు చూపుల మధ్య ఏముందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

మేం బయటికి వచ్చేసరికి జాక్‌పాట్ కౌంటరు వరసలో టైలరు జంగయ్య నిలబడి ఉన్నాడు. పోశెట్టితో ఒకే డబ్బాలో అన్నం తినే స్నేహితుడు. జాక్‌పాట్‌కు ఐదు పందేల్లో గెలిచే గుర్రాలను ముందే రాసివ్వాలి. కౌంటరు మూశాక మార్చడానికి లేదు. ఆ రోజు గడ్డి మీద జరగాల్సింది చివరి పందెం ఒక్కటే. దానికి జంగయ్య ఎంచుకున్నది గడ్డి మీద తప్ప పరిగెత్తలేని గుర్రం.

"ఏం పోశెట్టన్నా, గడ్డి ఎట్లుంది?"

"బోర్డు మీద రాసిండ్రు గదనే" అంటూ పోశెట్టి నన్ను వీపు వెనక్కి తిప్పేశాడు. నా బురద అతని చొక్కాకు అంటుకుంది.

కౌంటరు మూసిన పది నిమిషాలకు మైకు పలికింది: గడ్డి మెత్తబడింది, చివరి పందెం ఇసుక ట్రాకు మీద. మనుషులు గుర్రాన్ని అనుమానిస్తారు, జాకీని అనుమానిస్తారు. మైకును మాత్రం నమ్ముతారు. జంగయ్య రాసిన నాలుగు గుర్రాలు గెలిచాయి. ఐదోది ఇసుకలో అన్నిటికన్నా వెనక వచ్చింది.

సాయంత్రం అతను గేటు దగ్గర పోశెట్టిని పట్టుకున్నాడు.

"ఓడినందుకు గాదే. జర ఎనక్కి తిరుగు."

చొక్కా మీద పొడుగాటి బురద చార.

"నేనడిగేటప్పటికే కొలిచినవ్. దాచమని ఎవలు జెప్పిండ్రు? ఆఫీసరా? గుర్రాలోళ్ళా? ఎంతిచ్చిండ్రు?"

"ఎవలూ జెప్పలే జంగన్నా. నీ తోడు."

"అవ్, గట్లనే అంటరు" అని జంగయ్య నవ్వి వెళ్ళిపోయాడు. మళ్ళీ అన్నానికి రాలేదు.

ఇప్పుడు కొలతలకు మిషను వచ్చింది. నేను స్టోరు గదిలో చిరిగిన జీనుల పక్కన పడున్నాను. ఆలోచించడానికి కావలసినంత తీరిక. జంగయ్య ఊహించుకున్న కుట్రలో చాలామంది ఉన్నారు. అది నిజమైతే బాగుండుననిపిస్తుంది. కానీ పోశెట్టి అబద్ధమాడలేదు. ఎవరూ చెప్పకముందే ఆ చేయి వెనక్కి వెళ్ళింది. ఆ చేతిలో నేనే ఉన్నాను.